పొట్టు చూపిన దారి

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. గొప్పకు చెప్తున్న మాట కాదు ఇది. మార్చురీ పక్క గదిలో కూర్చుని ఉగ్గాని, బజ్జీ తిన్న మనిషిని నేను. క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ అంటే తోటి నర్సులు జంకితే నేను హాయిగా ఒప్పుకునేదాన్ని, రాత్రిపూట పెద్ద డాక్టర్ల కేకలు ఉండవు కాబట్టి. మా అమ్మ కట్టిన తాయెత్తును డ్యూటీలో చేతికి ఏమీ ఉండకూడదని విప్పి బీరువాలో పడేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇంత చెప్పాక ఇప్పుడు రాయబోయేది చదివితే మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. నాకు అభ్యంతరం లేదు. నేను చూసింది మాత్రం చూశాను, మా కెప్టెన్ కూడా చూశాడు. ఆయన నాకంటే పెద్ద నాస్తికుడు.

నేను హెలికాప్టర్ ఆంబులెన్స్‌లో నర్సును. ఒక ధర్మసంస్థ ప్రయోగంగా మొదలుపెట్టిన సర్వీసు అది. కర్నూలు దగ్గర మా బేస్. ముగ్గురం ఎక్కేవాళ్లం. నడిపేది కెప్టెన్, మిలిటరీలో చేసి వచ్చిన మలయాళీ ఆయన. డాక్టర్ కిరణ్ వయసులో నాకంటే చిన్నవాడు, కానీ చేతిలో తొట్రుపాటు ఉండదు. మూడోదాన్ని నేను. నా పుట్టిల్లు ఆస్పరి వైపే కాబట్టి ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు వైపు నుంచి ఫోన్ వస్తే అవతలివాళ్లతో మాట్లాడే పని నాదే.

ఆ రోజు ఫోన్ చేసింది ఆస్పరి మండలంలో ఒక పల్లె ఏఎన్ఎం, మాబున్ని అనే ఆవిడ. ఊరి పేరు రాయను, కైరుప్పలకు దగ్గరే. ఉగాది అయిపోయింది. మరుసటి రోజు కైరుప్పలలో పిడకల సమరం, ఊరు రెండు జట్లయి పిడకలతో కొట్టుకునే వేడుక. ఆ పండక్కి ట్రాలీ నిండా పిడకలు వేసుకుని ఈరన్న అనే అతను ట్రాక్టర్ తోలుకుపోతుంటే వంక దగ్గర బండి బోల్తాపడింది. ట్రాలీ అంచు అతని నడుము మీద పడింది. ఇనుప కొక్కెం తొడలో దిగబడింది.

"టవలుతో బిగించి కట్టినానమ్మా, రగతం ఇంకా కారుతాండాది. చెయ్యి పట్టుకుంటే నాడి దొరకల్యా. చన్నీల్లు, చన్నీల్లు అని అడుగుతాండాడు," అంది మాబున్ని.

ఆ చివరి మాట వినగానే నేను లేచి నిలబడ్డాను. నీళ్లు అడుగుతున్నాడంటే ఒంట్లో రక్తం తగ్గిపోతోందని అర్థం.

షాక్ అంటే మనవాళ్లు కరెంటు షాక్ అనుకుంటారు, లేదంటే చెడ్డ కబురు విని కూలబడిపోవడం అనుకుంటారు. మేం అనే షాక్ వేరు. రక్తం పోయి, మిగిలిన రక్తం ఒళ్లంతటికీ చాలక, ఒక్కొక్క అవయవం ఆకలితో మాడిపోవడం. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు "బాగానే ఉండాడు, మాట్లాడతాండాడు కదా" అనుకుంటారు. అలా మాట్లాడుతూ మాట్లాడుతూనే పోతాడు. దయ్యం కంటే నాకు ఆ మాటలంటేనే భయం.

రోడ్డు మీద అయితే అతను కర్నూలు ఆపరేషన్ టేబుల్ మీదికి చేరేసరికి ఆలస్యమైపోతుంది. మేం పోతే బతికే అవకాశం ఉంది. లెక్క అంతే.

ఊరి బడి మైదానంలో దిగుతామని, అక్కడ మనుషుల్ని పక్కకు పంపమని, తేలిక వస్తువులేవీ ఉంచవద్దని మాబున్నికి చెప్పి బయల్దేరాం.

పైనుంచి చూస్తే బడి మైదానం నిండా జనం. అది ఊహించిందే. ఊహించనిది మైదానం నడుమ ఎర్ర, పసుపు చారల షామియానా. కెప్టెన్ ఏదో అన్నాడు, మలయాళం కాబట్టి నాకు అర్థం కాలేదు. కాకపోవడమే మంచిది.

హెల్మెట్‌కు కలిపిన ఫోన్‌లో అరిచాను. "అక్కా, ఆ షామియానా పీకించు! మా గాలికి అది లేచి పైన రెక్కల్లో పడిందంటే మేమూ ఉండం, మీరూ ఉండరు."

"నేను సెప్తే ఇంటారామ్మా? మనిషి ఎండకు మాడిపోతాండాడు, పైనుంచి డాక్టర్లు వస్తాండారు, నీడ లేకుంటే ఎట్ల అని టెంట్ హౌస్‌వాల్లు తెచ్చి కట్టినారు. గుంజలు లోతుగా పాతినారు, అంత బిన్నా ఊడేది కాదు."

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. మా వైపు అంతే. పెండ్లయినా చావయినా, ఎమ్మెల్యే వచ్చినా పశువుల డాక్టర్ వచ్చినా ముందు షామియానా లేస్తుంది. వచ్చినవాళ్లను ఎండలో నిలబెట్టడం ఊరికి తలవంపు. ఆ మర్యాదే ఆ రోజు ఈరన్న ప్రాణం మీదికి వచ్చింది.

ఫోన్ సిగ్నల్ పోయింది.

కెప్టెన్ ఊరి మీద ఒక చుట్టు తిరిగాడు. కింద నల్లరేగడి చేలు, బోరు మోటార్లు, వాటికి పోయే కరెంటు తీగలు. తీగలు పైనుంచి కనపడవు. స్తంభం కనిపిస్తే తీగ ఉందనుకోవాలి. ఎండకు నేల నుంచి ఆవిరి లేస్తూ అంతా అలలు అలలుగా ఉంది. చెట్టు ఆకు కదలడం లేదు, పొగ లేదు, జెండా లేదు. గాలి ఎటు నుంచి వీస్తోందో తెలియాలి. హెలికాప్టర్ గాలికి ఎదురుగా దిగాలి, వెనక గాలితో ఇరుకు చోట దిగడం ప్రమాదం.

"ఒక్క నిమిషం చూస్తాను. చోటు దొరక్కపోతే ఆస్పరి పోయి దిగుతాం. వాళ్లు రోడ్డు మీద తీసుకురావాలి," అన్నాడు కెప్టెన్.

ఆ గతుకుల రోడ్డు నాకు తెలుసు. విరిగిన నడుముతో, ఆ కారే రక్తంతో, ఆ రోడ్డు మీద ఈరన్న ఆస్పరి చేరడు. డాక్టర్ కిరణ్ వెనక రక్తం సంచీ వేడిచేసే మిషన్‌కు తగిలిస్తున్నాడు. ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు.

అప్పుడు కనిపించాడు.

ఊరికి పడమటి పక్కన, చేల మధ్య, ఎర్రటి గట్టి నేల ఉన్న ఒక జాగా. దాని అంచున మూడు కాళ్ల ఎత్తు పీట మీద ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తలకు తెల్ల గుడ్డ, మోకాళ్ల పైకి పంచె. రెండు చేతులతో చేట తలపైకి ఎత్తి గింజలు జారవిడుస్తున్నాడు. గింజలు నిట్టనిలువుగా కిందికి పడుతున్నాయి. పొట్టు మాత్రం తెల్లగా పక్కకు తేలుతూ దూరాన ఉన్న కొండ వైపు పోతోంది.

తూర్పారబడుతున్నాడు. చిన్నప్పుడు మా కళ్లంలో మా వాళ్లు జొన్నలు అలాగే తూర్పారబడుతుంటే చేట అందించడం నా పని. కంట్లో పడిన నలుసులు ఇంకా గుర్తున్నాయి.

"గాలి!" అన్నాను.

"చూశాను," అన్నాడు కెప్టెన్.

పొట్టు పోతున్న వైపుకు చుట్టి వెళ్లి, గాలికి ఎదురుగా ఆ జాగా మీదికి దిగడం మొదలుపెట్టాడు. నేను కిటికీ దగ్గర కూర్చుని ముసలాయన్నే చూస్తున్నాను. తప్పుకో అని చేతులు ఊపాను. ఆయన తల ఎత్తలేదు. తన పని తాను చేసుకుంటున్నాడు. చేట ఎత్తుతున్నాడు, విడుస్తున్నాడు. మేం చాలా కిందికి వచ్చేదాకా కూడా ఆ పొట్టు ఒకే వైపు, కొండ వైపు, చక్కగా పోతూనే ఉంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను అప్పుడు పట్టించుకోలేదు.

తర్వాత దుమ్ము కమ్మేసింది. చక్రాలు నేలకు తగిలాయి.

తలుపు తెరుచుకోగానే మొదట నేను చేసిన పని ఆ ముసలాయన్ని తిట్టడానికి దిగడం. పీట మీద నుంచి పడి ఉంటాడు, కాలో చెయ్యో విరిగి ఉంటుంది, రెండో పేషెంటు తయారయ్యాడు అనుకున్నాను. దుమ్ము సర్దుకుంది. ఎవరూ లేరు. పీట లేదు. చేట లేదు. నేల మీద గింజ లేదు, పొట్టు లేదు. నెర్రెలు వారిన ఎర్ర నేల, అక్కడక్కడ ఎండిన గడ్డి దుబ్బులు. దాక్కోవడానికి చుట్టుపక్కల చెట్టు కూడా లేదు.

వెతికే తీరిక నాకు లేదు. ఊరి వైపు నుంచి జనం పరుగెత్తుకొస్తున్నారు. నడుమ నులకమంచం, దాని మీద ఈరన్న. మంచం నాలుగు కోళ్లు నలుగురు పట్టుకున్నారు. మాబున్ని పక్కనే పరుగెత్తుతూ "కుదపాకండి, కుదపాకండి" అని అరుస్తోంది. ఎంత బాగా మోశారంటే, ఆ గట్ల మీద కూడా మంచం ఒక పక్కకు వంగలేదు.

ఈరన్న మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆ ఎండలో ఒళ్లు చల్లగా, చెమటగా ఉంది. మణికట్టులో నాడి లేదు. మెడ దగ్గర మాత్రం సన్నగా, పరుగులాగా కొట్టుకుంటోంది.

"అక్కా, గుక్కెడు నీల్లియ్యి," అన్నాడు నన్ను చూసి.

"కర్నూల్లో బిందెడు తాపిస్తాలే నాయనా. ఇప్పుడు వద్దు."

ఆ తర్వాత చేతులు వాటంతట అవే పనిచేశాయి. టవలు పైన మా పట్టీ వేసి రక్తం ఆగేదాకా తిప్పి బిగించాను. అరిచాడు. అరవడం మంచిదే, ఊపిరి ఉందని అర్థం. నడుముకు వెడల్పాటి పట్టీ చుట్టాం, లోపల విరిగిన ఎముకలు కదలకుండా. నరం దొరకలేదు. రక్తం తక్కువైతే నరాలు అణిగిపోతాయి. డాక్టర్ కిరణ్ భుజం ఎముకలోకే సూది దించాడు. రక్తం కారకుండా గడ్డను నిలబెట్టే మందు అందులోంచే ఇచ్చాడు, తర్వాత మేం తెచ్చిన రక్తం, వెచ్చజేసి.

నేను మా దుప్పటి తీసి కప్పబోతే ఈరన్న భార్య ఉరుకుందమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇంత ఎండలో దుప్పటి ఏంటికమ్మా? ఉడికిపోతాడు."

"రక్తం పోయినోడికి ఎండ ఆనదు తల్లీ. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టదు, కారుతూనే ఉంటుంది. వెచ్చగా ఉండాలి."

ఆమె గబగబా పోయి గుంపులో ఒక ముసలామె భుజాన ఉన్న నల్ల కంబళి లాగి తెచ్చి మా దుప్పటి మీద కప్పింది. మేకల వాసన వేస్తోంది. డాక్టర్ వద్దనబోయి ఊరుకున్నాడు. ఆ కంబళితోనే ఎక్కించాం.

ఎగిరేముందు కెప్టెన్ మాత్రం కిందికి దిగి ఒకసారి చుట్టూ నడిచి వచ్చాడు. ఆయన మొహం మారిపోయింది. తర్వాత చెప్పాడు. ఆ జాగాకు మూడు పక్కలా బోరు తీగలు ఉన్నాయట, స్తంభాలు కంపచెట్ల మాటున. ఆ మూడింటిలో ఏ పక్క నుంచి వచ్చినా తగిలేవాళ్లం. తీగ లేని వైపు ఒక్కటే ఉంది. ఆ పొట్టు చూసి మేం వచ్చిన వైపు అది.

దారిలో బీపీ మరీ పైకి పోనివ్వలేదు. పోనిస్తే కట్టుకున్న గడ్డ ఊడిపోతుంది. అటు కిందికీ జారనివ్వకూడదు. సన్నటి గట్టు మీద నడక అది. కర్నూలు కనిపించేసరికి మణికట్టు దగ్గర నా వేలి కింద ఏదో కదిలింది. మొదట నా నాడే అనుకున్నాను. కాదు. ఈరన్నది.

"వచ్చింది డాక్టర్!" అని అరిచాను. హెల్మెట్‌లో అరిస్తే అందరి చెవులూ పోతాయని మర్చిపోయాను. కెప్టెన్ తిట్టలేదు.

ఈరన్న బతికాడు. సర్జన్లు రెండుసార్లు ఆపరేషన్ చేశారు. కాలు నిలిచింది, కొంచెం కుంటు మిగిలింది. వార్డులో మొదటిసారి వాకర్ పట్టుకుని నిలబడిన రోజు నన్ను చూసి, "అక్కా, బిందెడు నీల్లు బాకీ ఉండావు," అన్నాడు. నేను వాష్‌రూమ్‌లోకి పోయి తృప్తిగా ఏడ్చి వచ్చాను. ఈ ఉద్యోగంలో ఆ ఏడుపు దొరికే రోజులు తక్కువ.

వానలు మొదలయ్యాక కంబళి తిరిగి ఇచ్చే వంకతో ఆ ఊరు పోయాను. నిజానికి ముసలాయన్ని పట్టుకుని అడగాలని.

ఈరన్న ఇంటి ముందు అరుగు మీద కూర్చుని జరిగింది చెప్పాను. ఊళ్లో సగం మంది చేరారు. ముందు ఎవరూ నమ్మలేదు. ఆ జాగా ఒకప్పుడు ఊరందరి కళ్లం అట. మిషన్లు వచ్చినాక అక్కడ ఎవరూ కళ్లం చేయడం లేదు. చేటతో తూర్పారబట్టే మనిషి ఊళ్లో మిగల్లేదు. ఆ రోజు ఊరంతా బడి దగ్గరే ఉంది.

"ఎట్లుండాడమ్మా మనిషి?" అని ఒకాయన అడిగాడు.

తెల్ల గుడ్డ, పంచె, ఎత్తు పీట అని చెప్పాను. అంతే, ఊరు రెండుగా చీలింది, తర్వాత మూడుగా.

"మా తాతే! తెల్లగుడ్డ లేకుండా కళ్లం తొక్కేటోడే కాదు."

"మీ తాత తూర్పారబడితే సగం గింజలు పొట్టులోనే పోయేటివి. మా నాయనను కన్న అబ్బ అయి ఉంటాడు. గాలి కనిపెట్టేది ఆయప్ప తర్వాతే ఎవరైనా."

"ఇద్దరూ ఊరుకోండప్పా. పీట ఎవురిది? మూడు కాళ్ల పీట ఊర్లో మా తాతది ఒక్కటే. ఇప్పటికీ అటక మీద ఉండాది, సూపిస్తా రా అమ్మా."

నిజంగానే దించి చూపించాడు. చెదలు పట్టి ఒక కాలు ఊడిపోయిన పీట. నేను చూసింది అదేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను. వాళ్ల జగడం చూస్తుంటే భయం సంగతి అటుంచి నాకు నవ్వు ఆగలేదు. దయ్యమంటే పారిపోతారు కదా ఎవరైనా. ఈ ఊళ్లో మాదంటే మాదని కొట్లాడుకుంటున్నారు.

ఆ కళ్లం మాత్రం వాళ్లు వదల్లేదు. గడ్డి చెక్కి, నెర్రెలు పూడ్చి, పేడతో అలికి ఉంచారు. ఇక మీద అక్కడ షామియానా వేస్తే ఊరుకునేది లేదని మాబున్ని టెంట్ హౌస్‌వాళ్లకు గట్టిగా చెప్పిందట.

మరుసటి ఏడు మిరప కోతల కాలంలో మళ్లీ అక్కడికే పోవలసి వచ్చింది. కూలీల ఆటో బోల్తాపడి ఒక పిల్లకు కడుపులో రక్తం కారుతోంది. కొత్తగా పెండ్లయిన పిల్ల. అదే కెప్టెన్, అదే డాక్టర్, అదే నేను. ఫోన్‌లో మాబున్ని, "కళ్లం కాడికే రాండి. గాలి సూపేదానికి మనిషి ఉండాడు," అంది.

పైనుంచి చూశాను. కళ్లం అంచున పీట మీద మనిషి, చేతిలో చేట. ఒక కాలు కొంచెం ఎత్తి నిలబడ్డాడు. ఈరన్న! కొత్త పీట చేయించుకున్నాడు. గింజలు కిందికి, పొట్టు పక్కకు. కెప్టెన్ బొటనవేలు చూపించాడు, నేను గట్టిగా నవ్వాను.

మేం ఇంకా కిందికి రాకముందే ఈరన్న పొట్టు చెదిరిపోయింది. మా రెక్కల గాలి తగలగానే నాలుగు పక్కలా ఎగిరింది, వాడి మొహాన కొట్టింది. తలగుడ్డ ఎగిరిపోయింది. చేట చేతిలోంచి ఊడి చేలో పడింది. ఈరన్న పీట మీద నుంచి దూకి, నేల మీద బోర్లా పడుకుని తల పట్టుకున్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. పక్కకు చూస్తే కెప్టెన్ మొహం కూడా అలాగే ఉంది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. మొదటిసారి మేం ఇంతకంటే కిందికి, ఇంతకంటే దగ్గరికి వచ్చినా ఆ ముసలాయన పొట్టు చెదరలేదు. పంచె కొంగు కూడా కదల్లేదు.

దిగాం. ఆ పిల్లకు రక్తం ఎక్కిస్తూ, దుప్పటి కప్పి, మళ్లీ అదే వైపు నుంచి ఎగిరాం. ఆమె కూడా బతికింది. ఈ మధ్యే కూతురు పుట్టిందని కబురు పంపింది.

ఎండమావి అయి ఉండవచ్చు అంటాడు మా డాక్టర్. ఆయన ఆ రోజు వెనక్కి తిరిగి కూర్చున్నాడు, ఏమీ చూడలేదు. ఎండమావి గాలి చెప్తుందా? చెప్పినా సరిగ్గా చెప్తుందా? నాకు తెలియదు. తెలుసునని అనిపించుకోవాలని కూడా లేదు. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కానీ ఆ పల్లె మీదుగా ఎగిరిన ప్రతిసారీ కెప్టెన్ అడక్కుండానే కొంచెం కిందికి దించుతాడు, నేను కిటికీలోంచి ఆ ఎర్ర నేల వైపు ఒక దండం పెడతాను. ఎవరి తాతకో తెలియదు కాబట్టి, ముగ్గురికీ కలిపి.